భిన్నాల్లో ఏది పెద్దది? అడ్డగుణకారం ముందా, ఆఖర్నా?

పంటకాలువ (అమలాపురం)

ఆరు, ఏడు తరగతుల ట్యూషన్ పిల్లల సంగతండి. భిన్నాలు పోల్చమంటే అడ్డగుణకారం అందరూ చేస్తారు, కానీ మూడు చోట్ల దెబ్బ తింటున్నారు. 1/6, 1/8 పక్కపక్కన రాస్తే 1/8 పెద్దదనేవాళ్లు ఇంకా ఉన్నారు. 5/7, 7/9 ఇస్తే "రెండిట్లోనూ రెండే తక్కువ కదండీ, సమానం" అంటారు. ఇక అడ్డగుణకారం శుభ్రంగా చేసి, గుర్తు మాత్రం తిరగేసి పెట్టేవాళ్లు వేరే. ఏ వరసలో చెబితే ఇవి పోతాయి? లెక్కలతో సహా చెప్పండి, ఉపదేశాలు వద్దు.

కుంచం_మానిక (తణుకు)

వరస సంగతి తర్వాత చూద్దాం. ముందు ఏ పిల్లాడు ఏ తప్పుడు సూత్రం పట్టుకున్నాడో తేల్చుకోండి. బయటికి అన్నీ ఒకే తప్పులా కనబడతాయి గాని లోపల మూడు రకాలు.

మొదటి రకానికి పెద్ద అంకెలుంటే పెద్ద భిన్నం. 1/6, 1/8 దగ్గర పడేది వీళ్లే. రెండో రకానికి "హారం పెరిగితే భిన్నం తగ్గుతుంది" అన్నంతవరకే గుర్తుంది, లవం వైపు చూడరు. మూడో రకం హారంలోంచి లవం తీసేసి, తేడా తక్కువున్నదే పెద్దదంటారు. మీ 5/7, 7/9 సమానం అన్నవాళ్లు వీళ్లే.

నాలుగు జతలు నోట్లో కాకుండా కాగితం మీద ఇవ్వండి. లెక్క చెయ్యొద్దు, చూసి చెప్పమనండి.

2/3, 5/9: సరైన జవాబు 2/3, ఎందుకంటే అది 6/9. మొదటి రకం 5/9 అంటారు.
2/5, 7/8: సరైనది 7/8. రెండో రకం 2/5 అంటారు.
5/7, 7/9: సరైనది 7/9. మూడో రకం సమానమంటారు.
3/4, 7/9: సరైనది మళ్లీ 7/9. మూడో రకం 3/4 అంటారు, తేడా ఒకటే కాబట్టి.

5/6, 3/5 లాంటివి ఈ పరీక్షలో పెట్టకండి. 5/6 అని మొదటి రకం వాడూ చెబుతాడు, మూడో రకం వాడూ చెబుతాడు. జవాబు సరైనదే, దారి తప్పు. మీకు ఏమీ తెలియదు.

లంకగట్టు (రావులపాలెం)

నాలుగో జత ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకండి. 3/4, 7/9 లో రెండో రకం వాడు కూడా చిన్న హారం చూసి 3/4 అనే అంటాడు. వాడికీ మూడో రకానికీ తేడా తెలిసేది రెండో జతలోనే. 2/5, 7/8 కి మూడో రకం వాడు 7/8 అని సరిగ్గానే చెబుతాడు, తేడా 3 కి 1 కదా. నాలుగు జవాబులూ ఒక వరసలో పెట్టుకుని చదవాలి.

కుంచం_మానిక (తణుకు)

అవును, అందుకే నాలుగు.

గళ్ల_నోటు (పాలకొల్లు)

ఇంత తతంగం ఎందుకో నాకు అర్థం కాలేదు మాస్టారూ. అడ్డగుణకారం అన్నిటికీ పనిచేస్తుంది. ఎక్కాలు వస్తే చాలు, సందేహం ఉండదు. పరీక్షలో స్టెప్పులకు మార్కులు. "చూడగానే తెలుస్తోంది" అని రాస్తే మార్కులు వేస్తారా? గుర్తు తిరగబడే జబ్బుకు మందు ఒకటే: లబ్ధం ఏ భిన్నానిదో ఆ భిన్నం నెత్తి మీదే రాయించాలి.

3/4, 5/7 తీసుకోండి. ముందు రెండో హారం 7 నుంచి మొదటి లవం 3 కు బాణం. 21. అది 3/4 నెత్తి మీద. తర్వాత మొదటి హారం 4 నుంచి రెండో లవం 5 కు బాణం. 20. అది 5/7 నెత్తి మీద. ఇప్పుడు కింద ఉన్నవి మర్చిపోయి 21, 20 మధ్య గుర్తు పెట్టాలి. 21 > 20, కాబట్టి 3/4 > 5/7.

పిల్లలు ఎక్కడ తప్పుతారంటే, లవం నుంచి హారంలోకి కిందికి గుణించి, లబ్ధాన్ని హారం కింద రాస్తారు. అంటే 3×7 = 21 ను 7 కింద, 5×4 = 20 ను 4 కింద. చివరికి 20, 21 అని ఎడమ నుంచి కుడికి చదువుతారు, గుర్తు తిరగబడుతుంది. బాణం ఎప్పుడూ కింది నుంచి పైకే పోవాలి. ఈ ఒక్కటి పట్టుబట్టి చేయించండి.

లంకగట్టు (రావులపాలెం)

బాణం సూచన బాగుంది, ఒప్పుకుంటా. కానీ 1/2, 7/15 ఇచ్చినా 15, 14 అని బాణాలు గీసుకునే పిల్లాడికి భిన్నం అనేది ఒక సంఖ్య అని తెలియదు. వాడికి అవి నాలుగు అంకెలు, అంతే. ఏడో తరగతి దాటాక నిష్పత్తి, శాతం, సంభావ్యత అన్నిట్లో వాడు అక్కడే ఆగిపోతాడు.

నా వరస ఇది. హారాలు ఒకటేనా చూడు. కాకపోతే లవాలు ఒకటేనా చూడు. కాకపోతే సగానికి ఇటొకటి అటొకటి ఉన్నాయా చూడు. కాకపోతే రెండూ ఒకటికి దగ్గరగా ఉన్నాయా చూడు. ఏదీ కుదరకపోతే అప్పుడు కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) గానీ అడ్డగుణకారం గానీ.

సగం చూడ్డానికి లవాన్ని రెట్టింపు చేసి హారంతో పోల్చడమే. మన బ్యారేజీతోనే చెప్పొచ్చు. ధవళేశ్వరం బ్యారేజీకి నాలుగు ఆర్ములు, అంటే నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు: ధవళేశ్వరం ఆర్ములో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39. ధవళేశ్వరం వైపు 70 లో 34, విజ్జేశ్వరం వైపు 39 లో 20 ఎత్తారనుకుందాం. ఏ ఆర్ములో ఎక్కువ వంతు గేట్లు లేచాయి? 34 రెట్టింపు 68, ఇది 70 కి తక్కువ. 20 రెట్టింపు 40, ఇది 39 కి ఎక్కువ. ఒకటి సగం లోపు, ఇంకోటి సగం పైన. విజ్జేశ్వరమే. ఇక్కడ 34×39, 20×70 అని కూర్చోవడం దండగ.

ఇదే అంకెలతో హారాలు సమానమైన లెక్కా వస్తుంది. మొత్తం 175 లో ఒక్కో ఆర్ము వంతు 70/175, 43/175, 23/175, 39/175. లవాలు పోల్చితే సరి. "ర్యాలి ఆర్ముది మొత్తంలో పావు ఉంటుందా?" అని కూడా అడగండి. 43×4 = 172, 175 కి మూడు తక్కువ. పావుకు కాస్త లోపు. ధవళేశ్వరానిది సరిగ్గా 2/5.

గౌతమి_గట్టు (యానాం దగ్గర)

గేట్ల లెక్కలో ఒక జాగ్రత్త. గేట్ల వంతు వేరు, నీటి వంతు వేరు. అన్ని గేట్లూ ఒకే ఎత్తు లేపరు. తెలివైన పిల్లాడు ఎవడైనా అడుగుతాడు, ముందే "గేట్ల సంఖ్య మాత్రమే" అని ప్రశ్నలో రాసెయ్యండి.

పంటకాలువ (అమలాపురం)

మాస్టార్లూ, 5/7, 7/9 సంగతి ఇంకా తేలలేదు. రెండూ సగం పైనే, రెండూ ఒకటికి సమాన దూరంలో ఉన్నట్టే కనబడుతున్నాయి. "రెండే తక్కువ" అన్న పిల్లకు ఏమని చెప్పాలి?

కుంచం_మానిక (తణుకు)

"రెండు ఏమిటి తక్కువ?" అని అడగండి. అంతే. 5/7 కి తక్కువైనవి రెండు ఏడో వంతులు. 7/9 కి తక్కువైనవి రెండు తొమ్మిదో వంతులు. ఏడో వంతు ముక్క తొమ్మిదో వంతు ముక్క కన్నా పెద్దది. పెద్ద ముక్కలు రెండు పోయిన చోట మిగిలింది తక్కువ. కాబట్టి 5/7 చిన్నది.

పిల్లలు తేడాను పూర్ణ సంఖ్యగా చూస్తున్నారు, అది కూడా భిన్నమే. ఆ సంగతి తెలిశాక 3/4, 7/9 కూడా ఇదే దారిలో వస్తుంది. లోటు 1/4, లోటు 2/9. 1/4 అంటే 2/8. రెండు ఎనిమిదో వంతులు పోయిందా, రెండు తొమ్మిదో వంతులు పోయిందా? 3/4 కే ఎక్కువ పోయింది. 7/9 పెద్దది. అంటే ఆ పిల్ల పట్టుకున్న ఆలోచనను పారేయక్కర్లేదు, సగంలో ఆపేసింది, పూర్తి చేయించాలి.

దీన్నే ఇంకోలా చెప్పొచ్చు. 5/7 కి పైనా కిందా 2 కలిపితే 7/9. లవం హారం కన్నా చిన్నదైతే, రెండింటికీ ఒకే సంఖ్య కలిపితే భిన్నం ఒకటి వైపు జరుగుతుంది, అంటే పెరుగుతుంది. 1/2, 2/3, 3/4, 4/5 ఇలా.

సోలెడు_బియ్యం (నరసాపురం)

ఆ చివరి మాటకు హద్దు గట్టిగా చెప్పండి. అపక్రమ భిన్నమైతే తిరగబడుతుంది. 9/7 కి పైనా కిందా 2 కలిపితే 11/9. మొదటిది ఒకటి కన్నా 2/7 ఎక్కువ, రెండోది 2/9 ఎక్కువ. అంటే తగ్గింది. రెండు సందర్భాల్లోనూ జరిగింది ఒకటి వైపుకే. కింద ఉన్నది పైకొచ్చింది, పైన ఉన్నది కిందికొచ్చింది. "కలిపితే పెరుగుతుంది" అని సూత్రంగా రాసిస్తే ఏడో తరగతిలో అదే కొంప ముంచుతుంది.

గళ్ల_నోటు (పాలకొల్లు)

అదే నేననేది. ఒక్కో చిట్కాకు ఒక్కో హద్దు. అడ్డగుణకారానికి హద్దు లేదు.

సోలెడు_బియ్యం (నరసాపురం)

లేదంటారా? 3/(-5), (-4)/7 మీద చేసి చూడండి. మీ బాణాల ప్రకారం మొదటి దాని నెత్తిన 3×7 = 21. రెండో దాని నెత్తిన (-4)×(-5) = 20. 21 పెద్దది కాబట్టి మొదటిదే పెద్దదవ్వాలి. కానీ మొదటిది -21/35, రెండోది -20/35. రెండోదే పెద్దది. హారం రుణమైతే పద్ధతి బోల్తా. రుణ హారంతో గుణించినప్పుడు గుర్తు తిరగాలి కదా.

అకరణీయ సంఖ్యలు మొదలుపెట్టగానే మొదటి స్టెప్పు "హారాన్ని ధనం చేయి" అని రాయించాలి. రెండూ రుణ భిన్నాలైతే గుర్తు తీసేసి పోల్చి, చివర్లో తిప్పడం సులువు. 3/5 > 4/7, కాబట్టి -3/5 < -4/7. సంఖ్యారేఖ మీద సున్నాకు ఎడమ పక్కన ఎంత దూరం పోతే అంత చిన్నది.

గళ్ల_నోటు (పాలకొల్లు)

సరే, హారం ధనమైనంత వరకు హద్దు లేదు అని మార్చుకోండి. పద్ధతి ఎందుకు పనిచేస్తుందో చూపించాలంటే నా దగ్గర ఒకటుంది, గళ్ల పుస్తకం ఉంటే చాలు.

3/4, 2/3 పోల్చాలి. నాలుగు గళ్ల వెడల్పు, మూడు గళ్ల ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రాలు రెండు, పక్కపక్కన. ఒక్కోదానిలో 12 గళ్లు. మొదటి దానిలో నాలుగు నిలువు పట్టీల్లో మూడింటికి రంగు: 9 గళ్లు. రెండో దానిలో మూడు అడ్డ పట్టీల్లో రెండింటికి రంగు: 8 గళ్లు. 9/12, 8/12. ఆ 9 ఎక్కడ్నుంచి వచ్చింది? 3 పట్టీలు, ఒక్కోదానిలో 3 గళ్లు, అంటే 3×3. ఆ 8? 2 పట్టీలు, ఒక్కోదానిలో 4 గళ్లు. అడ్డగుణకారంలో మనం రాసే రెండు లబ్ధాలూ ఇవే. కింద ఉమ్మడి హారం 4×3 ఉంది, రెండింటికీ ఒకటే కాబట్టి రాయడం మానేశాం.

వృత్తాలు వద్దు. ఐదు, ఏడు భాగాలుగా పిల్లల చేతితో వృత్తం సమానంగా తెగదు. ముక్కలు వంకరగా వచ్చి, 3/5 కన్నా 4/7 పెద్దగా కనబడుతుంది బొమ్మలో. దీర్ఘచతురస్రాలు కూడా ఒకే కొలతవి ఉండాలి. ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా గీసి రంగు వేస్తే రంగు ఎక్కువున్నదే పెద్దదంటారు.

లంకగట్టు (రావులపాలెం)

ఈ బొమ్మ చూపించి అడ్డగుణకారం చెబితే నాకు పేచీ లేదు. బొమ్మ లేకుండా బాణాలు చెబితేనే పేచీ.

పంటకాలువ (అమలాపురం)

గళ్ల బొమ్మ బాగుంది సార్. చివర్లో ఒకే కొలత అన్నారు, ఆ తప్పు మా పిల్లల్లోనూ ఉంది. బొమ్మల్లో కాదు, రాత లెక్కల్లో. "సగం, పావు" అనగానే దేనిలో సగం, దేనిలో పావు అని చూడరు.

కౌలు_కాగితం (భీమవరం)

దానికి పొలం లెక్క పెట్టండి, సెంట్లు మన పిల్లలకు కొత్త కాదు. ఎకరం 100 సెంట్లు. ఒకాయనకు 40 సెంట్ల చెక్కలో సగం, ఇంకొకాయనకు ఎకరంలో పావు. 1/2 > 1/4 నిజమే, కానీ మొదటాయనకు 20 సెంట్లు, రెండో ఆయనకు 25.

బస్తాలతో ఇంకా బాగా కుదురుతుంది. మన వైపు ధాన్యం బస్తా 75 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు. ధాన్యం బస్తాలో 2/3 అంటే 50 కిలోలు. డీఏపీ బస్తాలో 3/4 అంటే 37 కిలోల 500 గ్రాములు. 3/4 > 2/3 అయినా బరువు తక్కువ. భిన్నాలు రెండింటి మధ్య గుర్తు పెడుతున్నామంటే "రెండూ ఒకే మొత్తానివి" అని మనసులో ఒప్పుకున్నట్టే. ఈ మాట ప్రశ్నలో లేకపోతే పిల్లాడు అడగాలి. అడగడం నేర్పాలి.

సోలెడు_బియ్యం (నరసాపురం)

పాత కొలతలు కూడా వాడుకోవచ్చు. మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు నాలుగు గిద్దలు. అంటే మానికకు 16 గిద్దలు. 3/8 మానిక పెద్దదా, 5/16 మానికా? గిద్దల్లోకి మార్చితే 6, 5. అయిపోయింది. కసాగు అంటే ఇంత చిన్న కొలతలోకి దిగడమే. పాత లెక్కల్లో పావు, పరక, వీసం అన్నా ఇదే మెట్లు: 1/4, 1/8, 1/16. తెలుగు లిపిలో ఈ పాత భిన్నాలకు ప్రత్యేక అంకెలే ఉన్నాయి, నాలుగుల లెక్కన కట్టినవి. యూనికోడ్‌లోకి 2008 లో ఎక్కాయి.

కౌలు_కాగితం (భీమవరం)

మానిక లెక్క అందంగా ఉంది గాని అది సగాలకే పనికొస్తుంది. మూడో వంతు, ఐదో వంతు గిద్దల్లో సరిగ్గా రావు. సెంట్లకూ అదే చిక్కు: 1/4, 1/5, 1/20 బాగా వస్తాయి, 1/3 ఎకరం 33 సెంట్లు దాటి ఇంకా మిగులుతుంది. అలాంటి చోట గంట వాడండి. వంతు నీరు వచ్చే కాలంలో నిమిషాల లెక్క ఎలాగూ ఉంటుంది. 60 కి 2, 3, 4, 5, 6, 10, 12, 15 అన్నీ పోతాయి. 3/5 గంట 36 నిమిషాలు, 7/12 గంట 35 నిమిషాలు. 3/5 పెద్దది. 1/8 కూడా ఫర్వాలేదు, ఏడున్నర నిమిషాలు. 5/8 గంట 37 నిమిషాల 30 సెకన్లు. ఏడో వంతులు, పదకొండో వంతులు దేనిలోనూ కుదరవు, వాటికి వేరే దారి.

నిర్వాహకుడు

పాత కొలతల మీద వేరే చర్చ తెరవండి, ఇక్కడ పోలిక మీదే ఉందాం. ఈ ఒక్క మాట మాత్రం ఉంచుతున్నా: హారాలకు కనిష్ఠ గుణిజం కట్టి భిన్నాలను ఒకే హారంలోకి తేవడం 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితంలోనే ఉంది, ఆ గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మన పావులూరి మల్లన.

కుంచం_మానిక (తణుకు)

పదకొండో వంతులకు దారి: హారాలు కాదు, లవాలు సమానం చేయండి. 6/17, 4/11, 12/35 ఆరోహణ క్రమంలో రాయాలి. హారాల కసాగు 17×11×35, అంటే 6545. అక్కడే పిల్లలు పెన్ను కింద పెడతారు. లవాలు 6, 4, 12. వీటి కసాగు 12. 6/17 ని రెండుతో గుణిస్తే 12/34. 4/11 ని మూడుతో గుణిస్తే 12/33. మూడోది 12/35. లవాలు ఒకటే, కాబట్టి హారం పెద్దదైన కొద్దీ భిన్నం చిన్నది: 12/35 < 6/17 < 4/11.

ఇక్కడ పడే తప్పు ఒకటే. లవాలు సమానం చేసి, అలవాటు మీద హారం పెద్దదాన్నే పెద్ద భిన్నం అనేస్తారు. 1/6, 1/8 గట్టిగా వచ్చిన పిల్లలకే ఇది చెప్పాలి.

గోదారి_లెక్క (రాజోలు)

మూడు కన్నా ఎక్కువ భిన్నాలు వరస పెట్టమంటే ఏం చేస్తారు? 2/3, 3/5, 7/12, 5/8, 4/9. కసాగు 360 వస్తోంది.

లంకగట్టు (రావులపాలెం)

సగంతో విడదీయండి. 4/9 ఒక్కటే సగం లోపు, అది మొదట. మిగిలిన నాలుగు సగం పైన. ఎంత పైన? 2/3 అంటే సగం మీద 1/6. 3/5 అంటే సగం మీద 1/10. 7/12 మీద 1/12. 5/8 మీద 1/8. ఇప్పుడు అన్నీ లవం ఒకటే ఉన్న భిన్నాలు. 1/12 < 1/10 < 1/8 < 1/6. కాబట్టి 4/9 < 7/12 < 3/5 < 5/8 < 2/3. కాగితం అక్కర్లేదు.

గళ్ల_నోటు (పాలకొల్లు)

పరీక్షలో మాత్రం 360 తోనే రాయించండి: 240/360, 216/360, 210/360, 225/360, 160/360. సగం పద్ధతి సరిచూసుకోవడానికి. కసాగులో పిల్లలు చేసే పెద్ద తప్పు, హారం మార్చి లవం వదిలేయడం. 3/5 ని 3/360 అని రాసేస్తారు. "360 లో 5 ఎన్నిసార్లు? 72. అయితే 3 ని కూడా 72 తో" అని పక్కన చిన్నగా ×72 రాయిస్తే తగ్గుతుంది. సగం పైన ఉండాల్సింది 3/360 అయిందేమిటి అని చూసుకునే పిల్లాడు తప్పు తనే పట్టుకుంటాడు. ఇక్కడ లంకగట్టు గారి మాట నేను కాదనను.

లంకగట్టు (రావులపాలెం)

360 రాసిన పిల్లాడికి మార్కులు, సగంతో చూసుకున్న పిల్లాడికి ధైర్యం. రెండూ ఉండనివ్వండి.

గోదారి_లెక్క (రాజోలు)

దశాంశాల్లోకి మార్చేస్తే సరిపోదా? భాగిస్తే చాలు కదా.

సోలెడు_బియ్యం (నరసాపురం)

3/8, 2/5 అయితే సుఖం: 0.375, 0.4. కానీ అక్కడా 0.375 లో అంకెలు ఎక్కువున్నాయని అదే పెద్దదనే పిల్లలుంటారు. 0.400 అని సున్నాలు పెట్టించి చూపించాలి. రెండో చిక్కు, దగ్గర దగ్గర భిన్నాలు. 20/39, 22/43 రెండు దశాంశ స్థానాల వరకు భాగిస్తే రెండూ 0.51. సమానమని రాసేస్తారు. అడ్డంగా గుణిస్తే 20×43 = 860, 22×39 = 858. 20/39 పెద్దది. ఎన్ని స్థానాల వరకు భాగించాలో ముందే తెలియదు, అదే దాని ఇబ్బంది.

పంటకాలువ (అమలాపురం)

ఇంకొకటి. 1/2 కీ 20/39 కీ మధ్య ఒక భిన్నం రాయమంటే ఒక అబ్బాయి లవాలు కలిపి, హారాలు కలిపి 21/41 రాశాడు. భిన్నాల కూడికలో పిల్లలు చేసే తప్పే ఇది. కానీ జవాబు మధ్యలోనే పడింది. తప్పు పెట్టాలా?

కుంచం_మానిక (తణుకు)

పెట్టకూడదు. కూడికగా అది తప్పు, మధ్య భిన్నంగా ఎప్పుడూ సరైనదే. హారాలు ధనమైతే చాలు. 1/2 + 1/2 ని ఇలా కూడితే 2/4, అంటే మళ్లీ సగం; కూడిక కాదని అక్కడే తెలుస్తుంది. మధ్యలో పడటం గేట్లతో చూపించొచ్చు. ఒక ఆర్ములో 70 లో 35, ఇంకో ఆర్ములో 39 లో 20 ఎత్తితే రెండూ కలిపి 109 లో 55. మొత్తం మీద వంతు రెండింటి మధ్యలో ఉండక ఎక్కడికి పోతుంది?

కాకపోతే చూడండి, 35/70 ని 1/2 చేసి కలిపితే 21/41, చేయకుండా కలిపితే 55/109. రెండూ మధ్యలోవే గాని ఒకటి కాదు. ఆర్ముల లెక్కకు 55/109 మాత్రమే సరైనది, సూక్ష్మీకరిస్తే గేట్ల సంఖ్య పోతుంది. ఈ గుణాన్ని ఫ్రాన్స్‌లో హారోస్ 1802 లో వాడాడు, 1816 లో ఫేరీ అనే ఇంగ్లీషాయన రాసిన దాన్ని బట్టి, ఇలాంటి మధ్య భిన్నాలతో కట్టే భిన్నాల వరసలకు ఫేరీ పేరు పడిపోయింది. నిరూపణ ఇచ్చింది ఫ్రెంచి గణితజ్ఞుడు కోషీ.

గోదారి_లెక్క (రాజోలు)

మిశ్రమ భిన్నాల మాట ఎవరూ ఎత్తలేదు.

గళ్ల_నోటు (పాలకొల్లు)

అందులో పెద్దగా ఏమీ లేదు. పూర్ణ భాగాలు వేరైతే అక్కడే తేలిపోతుంది. ఒకటే అయితే భిన్న భాగాలు పోల్చాలి. రెండూ అపక్రమ భిన్నాలుగా మార్చి అడ్డంగా గుణించడం మాత్రం నేను కూడా చేయించను. భిన్న భాగం క్రమ భిన్నమేనా చూసుకోవాలి, 2 పక్కన 7/5 ఉంటే అది ముందు 3 పక్కన 2/5 అవ్వాలి.

పంటకాలువ (అమలాపురం)

చాలు సార్, సరిపడా వచ్చింది. చివరిగా ఒక వర్క్‌షీట్ తయారు చేస్తున్నా. ప్రతి జతకూ ముందు "ఏ దారి?" అని ఒక గడి, తర్వాత గుర్తు, తర్వాత అడ్డగుణకారంతో సరిచూడటం. జతలు ఇవి, చూసి చెప్పండి: 5/11, 8/11. 7/13, 7/15. 13/27, 19/37. 11/12, 14/15. 4/15, 6/23. 5/8, 7/11.

లంకగట్టు (రావులపాలెం)

మొదటిది హారాలు, రెండోది లవాలు. మూడోది సగం: 26 < 27, 38 > 37. నాలుగోది లోటు: 1/12, 1/15, కాబట్టి 14/15. ఐదోది లవాల కసాగు: 12/45, 12/46, కాబట్టి 4/15. ఆరోదానికి చూపు దారి సులువుగా లేదు, 55, 56, కాబట్టి 7/11. అది అలాగే ఉంచండి, అడ్డగుణకారానికీ ఒకటి ఉండాలిగా.

గళ్ల_నోటు (పాలకొల్లు)

ఆయ్, పోనీలెండి, ఒకటైనా ఉంచారు. అన్నిట్లో రెండో భిన్నమే పెద్దదైతే పిల్లలు పసిగట్టేస్తారు. మీ ఆరింట్లో రెండు, ఐదు తప్ప మిగతా నాలుగూ అలాగే ఉన్నాయి. మూడు, నాలుగు తిరగేసి రాయండి. సమానమైన జత కూడా ఒకటి పడెయ్యండి, 6/14, 9/21 లాంటిది. లేకపోతే గుర్తు ఎప్పుడూ < గానీ > గానీ అనే నమ్ముతారు.

పంటకాలువ (అమలాపురం)

మార్చాను. 6/14, 9/21 ని ఏడో జతగా పెట్టాను, "ఏ దారి" గడిలో ఏం రాస్తారో చూడాలి.

సోలెడు_బియ్యం (నరసాపురం)

రెండూ సూక్ష్మీకరిస్తే 3/7. ఆ దారి మీ వరసలో ఎక్కడా లేదు, అన్నిటికన్నా ముందు గడిగా చేర్చండి.